ఒక్క సంతకమే కదమ్మా!

పెళ్ళయిన ఆడపిల్లని పుట్టింటికి పిలిచే సందర్భాలు లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు చాలు. సంక్రాంతి, శ్రావణమాసం, కోటప్పకొండ తిరునాళ్ళు, అన్నయ్యగారి పిల్లల పెళ్ళిళ్ళు. ఇవి గాక ఇంకో పిలుపుంది. దానికి పంచాంగంలో తిథీ వారమూ వుండవు. నాన్న పోయిన ఏడాది తిరక్కముందో, అమ్మకి కాస్త నలతగా వున్నప్పుడో, రోడ్డు పక్క చేనుకి మంచి బేరం వచ్చినప్పుడో వస్తుంది. అప్పుడు ఫోను అన్నయ్య చెయ్యడు. వదిన చేస్తుంది. "ఒక్క పూట వచ్చిపోరాదూ! పెద్ద పనేం లేదు, ఒక్క సంతకమే కదమ్మా!"

ఆ రోజు వంట ఘనంగా వుంటుంది. గారెలు, నాటుకోడి పులుసు, పిల్ల చిన్నప్పుడు ఇష్టంగా తినేదని గుర్తుపెట్టుకుని మరీ చేసిన పాయసం. ముందు భోజనాలు, తర్వాత రిజిస్ట్రారాఫీసు. కడుపు నిండిన మనిషి ప్రశ్నలు వెయ్యదని ఎవరు కనిపెట్టారో గాని గట్టివాళ్ళే. ఆఫీసు దగ్గర దస్తావేజు లేఖరి కాగితాలు పేర్చి, ఒక వేలుతో చూపిస్తూ పోతాడు. "ఇక్కడమ్మా. ఇక్కడ. ఇదుగో, ఈ పేజీ అడుగున కూడా." చదువుకున్న పిల్ల, ఎమ్మే చేసిన పిల్ల, బళ్ళో నలభై మంది పిల్లలకి పాఠం చెప్పే పిల్ల, చదవకుండా సంతకం పెట్టకూడదని తన పిల్లలకి నూరిపోసే పిల్ల, ఆ వేలు ఎక్కడికి పోతే అక్కడికి తన కలం పోనిస్తుంది. ఇంటికొచ్చాక బొట్టుపెట్టి, ఒక పట్టుచీరా నాలుగు అరటిపళ్ళూ చేతిలో పెడతారు. సాయంత్రం బస్సుకి ఆ పిల్ల తన ఇంటికి పోతుంది. ఎంత ఇచ్చి వచ్చిందో ఆ పిల్లకి తెలియదు.

ఆ కాగితాన్ని హక్కు విడుదల దస్తావేజు అంటారు. పేరు చూస్తే ఎవరికో చెర విడిపించినట్టు వినసొంపుగా వుంటుంది. లోపల వుండేది వేరు. ఫలానా సర్వే నెంబర్లలో ఫలానా ఎకరాల్లో నాకున్న హక్కునంతా సోదరుడికి వదులుకుంటున్నాననీ, ఇకమీదట నేను గాని నా పిల్లలు గాని ఎలాంటి తగాదా పెట్టమనీ వుంటుంది. చాలా దస్తావేజుల్లో ఇంకొక వాక్యం కూడా వుంటుంది, నా వాటా తాలూకు సొమ్ము రొక్కంగా నాకు ముట్టిందని. ఆ ముట్టిన రొక్కమే పట్టుచీర. రేపెప్పుడైనా "నాకేం ముట్టలేదండీ" అని కోర్టుకి వెళితే, ముట్టలేదని రుజువు చేసుకునే బరువు మన నెత్తినే పడుతుంది. "ముట్టింది" అని సంతకం పెట్టింది మనమే కదా!

మా అన్నయ్యకి నేను అలాంటి సంతకం పెట్టాను. నాన్న 1996లో పోయారు, ఆ మరుసటేడు. నా పెళ్ళి 1985 మే నెలలో అయింది, చెల్లాయి పెళ్ళి 1987లో. ఆ రెండు తేదీల మధ్య మన రాష్ట్రంలో ఒక పెద్ద సంగతి జరిగింది. ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చి, ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ పుట్టుకతో హక్కు ఇచ్చింది. చట్టం 1986లో వచ్చినా 1985 సెప్టెంబరు 5 నుంచి అమలన్నారు. తమిళనాడుకి అది 1989లో గాని రాలేదు, కర్ణాటకకీ మహారాష్ట్రకీ 1994 దాకా ఆగాల్సి వచ్చింది. మన రాష్ట్రం ఇలాంటి దాన్లో ముందుండటం గర్వపడాల్సిన విషయమే. అయితే అందులో ఒక మెలిక వుంది. ఆ తేదీకి ముందే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి ఇది వర్తించదు. మే నెల ముహూర్తం కుదిరిన నేను గట్టు ఇవతల, రెండేళ్ళు ఆగిన చెల్లాయి గట్టు అవతల. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే కంచంలో తిని, ఎండల్లో పెళ్ళి చేసుకున్న పాపానికి నా హక్కు నాలుగు నెలల్లో తప్పిపోయింది.

అన్నయ్య ఆ మాటే చెప్పాడు. "నీకెటూ లేదులే అమ్మాయ్, చెల్లాయి విషయంలోనే కాస్త చిక్కు. ఎందుకైనా మంచిది, ఇద్దరూ పెట్టండి" అన్నాడు. నేను పెట్టాను. లేనిదానికి సంతకం ఎందుకన్నయ్యా అని అడగాలని నాకు తోచలేదు. ఇన్నేళ్ళ తర్వాత తోస్తోంది. నాకు లేకపోవడం అబద్ధం. 1956లో వచ్చిన అసలు చట్టం ప్రకారమే, తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన సొంత వాటాలో కొడుకుతో, భార్యతో సమానంగా కూతురూ వారసురాలే. పెళ్ళి 1985లో అయినా, 1965లో అయినా. ఆ వాటా చిన్నది, అన్నయ్యకి వచ్చేదాంట్లో ఒక మూలకి రాదు, కాని వుంది. మా అన్నయ్య నన్ను మోసం చేశాడని అనలేను. అతనికీ తెలియదు. లేఖరికి తెలుసు. అందుకే ఇద్దరి సంతకాలూ అడిగాడు.

ఆ తర్వాత 2005 సెప్టెంబరు 9న కేంద్ర చట్టమే మారింది. పెళ్ళి ఎప్పుడయిందన్న ప్రశ్న పోయింది. కూతురంటే కూతురే, పుట్టుకతో హక్కుదారే. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకాలూ, కోర్టు తేల్చేసిన పంపకాలూ మాత్రం కదపకూడదన్నారు. ఉండే ఇంటి విషయంలో పాత చట్టంలో ఇంకో పేచీ వుండేది. అన్నదమ్ములు పంచుకోవాలనుకునేదాకా ఆడపిల్ల ఆ ఇంట్లో భాగం అడగడానికి వీల్లేదు. దాన్నీ అప్పుడే తీసేశారు. అయినా తండ్రి 2005కి ముందే పోయుంటే కూతురికి హక్కు వుందా లేదా అని పదిహేనేళ్ళు కోర్టులు తలో మాటా చెప్పాయి. చివరికి 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు తేల్చారు. హక్కు పుట్టుకతో వచ్చింది కనుక ఆనాటికి తండ్రి బతికుండాలన్న నియమం లేదన్నారు. "మేం ఎప్పుడో నోటిమాటగా పంచేసుకున్నాం" అంటే ఊరికే ఒప్పుకోకూడదనీ, దానికి ప్రభుత్వ రికార్డుల్లాంటి గట్టి ఆధారం కావాలనీ కూడా అన్నారు. మా పల్నాడులో పంపకాలన్నీ రచ్చబండ దగ్గర నోటిమాటతో జరిగినవే. ఆ ఒక్క ముక్కకి ఎంతమంది అన్నలకి నిద్ర పట్టలేదో!

ఇదంతా హిందువుల మాట. మా రెంటచింతలలో క్రైస్తవ కుటుంబాలు చాలా వున్నాయి. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం వాళ్ళ కొడుకూ కూతురూ సమానం. ముస్లింలలో కూతురికి కొడుకు వాటాలో సగం, ఆ సగం మాత్రం ఏనాటినుంచో నిక్కచ్చిగా రాసిపెట్టి వుంది. మనం వేదకాలం నాటి స్త్రీల గొప్పతనం గురించి ఉపన్యాసాలు చెప్పుకుంటూ 2005 దాకా వచ్చాం.

సరే, చట్టం వచ్చింది. ఇక అన్నల వాదనలు చూద్దాం. నాలుగే వుంటాయి, ఏ ఊరు వెళ్ళినా అవే.

మొదటిది, "కట్నం ఇచ్చాం కదా!" ఇచ్చారు. ఎవరికి? నా మామగారికి. ఆ డబ్బుతో వాళ్ళు ట్రాక్టరు కొన్నారో, ఆడపడుచు పెళ్ళి చేశారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. 1961 నుంచీ ఈ దేశంలో కట్నం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరం. ఒకవేళ పుచ్చుకున్నా మూడు నెలల్లోపల పెళ్ళికూతురి పేర పెట్టాలని ఆ చట్టమే అంటుంది. ఎన్నిళ్ళలో పెట్టారో మీరే చెప్పండి. చెయ్యకూడని పని ఒకటి చేసి, చెయ్యవలసిన పనికి దాన్ని చెల్లు వేసుకుంటామంటే ఏ లెక్కల పుస్తకంలో వుందది? పైగా అన్నయ్యకీ కట్నం వచ్చింది. అది ఆయన వాటాలోంచి తీశారా? తియ్యలేదు. వచ్చిన కట్నం మగపిల్లవాడి అదృష్టం, పోయిన కట్నం ఆడపిల్ల వాటా. భలే బావుంది.

రెండోది, "అమ్మానాన్నల్ని చూసేది మేమే కదా!" ఇది కాస్త ఆలోచించవలసిన మాట. నిజంగా చూసిన అన్నలున్నారు. పక్షవాతం వచ్చిన తల్లికి ఆరేళ్ళు సేవ చేసిన వాళ్ళని చూశాను. అయితే చేసింది ఎవరు? అన్నయ్యా, వదినా? ఆ వదిన కూడా ఎవరో ఒకరి ఆడపిల్లే కదా, ఆవిడ పుట్టింట్లో ఆవిడ చేత సంతకం పెట్టించేశారు కదా! ఇక చట్టం మాటకొస్తే, తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కొడుకుని ఎంత బాధ్యుణ్ణి చేసిందో కూతుర్నీ అంతే చేసింది. నరసరావుపేట, గురజాల, సత్తెనపల్లి ఆర్డీవోల దగ్గరకి వెళ్ళి తల్లి కొడుకు మీద అర్జీ పెట్టుకోవచ్చు, కూతురి మీదా పెట్టుకోవచ్చు. బాధ్యత సగం నాది అని ఒప్పుకునే కూతురే వాటా అడగాలి. ఒప్పుకోని కూతుర్ని నేనూ సమర్థించను. కాని బాధ్యతకి భూమి జీతం అయితే, చూడని కొడుకుల వాటా ఎప్పుడైనా కోశారా? హైదరాబాదులో, అమెరికాలో కూర్చుని నెలకొక ఫోను చేసే తమ్ముడి సగం తమ్ముడికి అలాగే వుంటుంది. పక్క వీధిలో వుండి రోజూ కూర గిన్నె తెచ్చే కూతురికే ఈ న్యాయం చెబుతారు.

మూడోది, "మన భూమి పరాయి ఇంటిపేరుకి పోతుంది." దీనికి చట్టమే ఒక జవాబు చెప్పింది. ఎవరూ అన్నలకి చెప్పినట్టు లేదు. ఆడపిల్ల వీలునామా రాయకుండా, సంతానం లేకుండా పోతే, తల్లిదండ్రుల నుంచి ఆమెకి సంక్రమించిన ఆస్తి భర్తకి పోదు, తిరిగి తండ్రి వారసులకే వస్తుంది. పిల్లలుంటే పిల్లలకి పోతుంది. ఆ పిల్లలు పరాయివాళ్ళా? మేనల్లుడికి మన పిల్లని ఇచ్చేటప్పుడు వాడు రక్తసంబంధం, పొలం దగ్గరికొచ్చేసరికి పరాయి ఇంటిపేరు! అదే చేను రియలెస్టేటు వాళ్ళకి అమ్మినప్పుడు ఏ ఇంటిపేరు చూశారు?

నాలుగోది అసలైంది. దాన్ని ఎవరూ వాదనగా చెప్పరు. వదిన వంటింట్లో గిన్నెలు సర్దుతూ గొంతు తగ్గించి చెబుతుంది. "వాటా తీసుకుంటే పుట్టిల్లు వుండదే, ఆలోచించుకో." మిగతా మూడూ పోగేసినా దీనంత బలం లేదు. మన ఆడవాళ్ళు చట్టం తెలియక సంతకం పెడుతున్నారని పెద్దలంటారు. సగమే నిజం. తెలిసినవాళ్ళూ పెడుతున్నారు. మొగుడు కొట్టినా, పిల్లవాడికి జబ్బు చేసినా, నడిరాత్రి తలుపు తట్టడానికి ఒక గుమ్మం వుండాలి. ఆ గుమ్మానికి అద్దె కింద వాటా ఇచ్చేస్తారు. అద్దె అంటే కోపం వస్తుందేమో, కాని మరేమిటది? కట్టినంతకాలం గుమ్మం తెరుచుకుంటుంది. అన్నయ్యకి మాత్రం ఆ గుమ్మం అద్దె లేకుండా వస్తుంది, జన్మహక్కుగా. అంత చదువుకున్న పిల్ల ఒక ప్రశ్న వేసుకోదు. వాటా అడిగితే తెగిపోయే బంధం, అడక్కముందు ఎంత గట్టిగా వుండి వుంటుంది?

ఆడపిల్లల్ని ఇలా రెచ్చగొట్టి పచ్చని కుటుంబాలు కూలుస్తున్నారని నన్ను తిట్టే పాఠకులుంటారు, తెలుసు. వాళ్ళకి ఒక్క సంగతి గుర్తుచేస్తాను. మనం పల్నాటి వాళ్ళం. గురజాల ఒకరికీ మాచర్ల ఒకరికీ పంచుకుని కూడా చాలక, కారంపూడి దగ్గర రక్తం పారించిన దాయాదుల కథ మనది. నలగామరాజూ మలిదేవుడూ ఒక తండ్రి బిడ్డలు. కోడిపందెం ఒక సాకు, అసలు తగాదా పంపకమే. ఆ కథలో వాటా అడిగిన చెల్లెలు ఒక్కతి లేదు. ఇప్పటికీ ఏటా కారంపూడిలో ఆ వీరుల ఆరాధన చేస్తాం. గట్టు దగ్గర గొడ్డళ్ళు పట్టుకున్న అన్నదమ్ముల కేసులు మన కోర్టుల్లో ఎన్ని లేవు? వాటి వల్ల కుటుంబం కూలిందని ఎవరూ అనరు. పౌరుషం అంటారు. ఆడది దస్తావేజు నకలు అడిగితే కుటుంబం కూలుతుంది. నాయకురాలు నాగమ్మని మంత్రిని చేసి కూర్చోబెట్టిన సీమలో ఆడదాని చేతికి కాగితం ఇస్తే భయమేమిటో! అన్నట్టు, ఆ యుద్ధానికంతా నాగమ్మే కారణమని చెప్పుకునే వాళ్ళకీ కొదవ లేదనుకోండి. అదీ మన అలవాటే.

ఇంకొకటుంది, పసుపు కుంకుమ భూమి. వెనకటికి పల్నాడు మెట్టసీమ. వానపడితే జొన్న, లేకపోతే లేదు. అలాంటి రోజుల్లో పీటల మీద కూర్చున్న కూతురికి తండ్రి అందరిముందూ "ఆ రెండెకరాలూ నీకు పసుపు కుంకుమ కింద ఇచ్చానమ్మా" అనేవాడు. పంతులుగారు విన్నారు, ఊరంతా విన్నది. కాగితం లేదు. అడిగితే నామోషీ. 1967లో సాగర్ కాలవలకి నీళ్ళొచ్చాయి. కుడికాలవ కింద ఆ రెండెకరాలే మాగాణి అయ్యాయి, మిరప పండింది. అప్పుడు విన్న ఊరు మరిచిపోయింది. భూమిని దానంగా ఇవ్వాలంటే ఇద్దరు సాక్షులతో రిజిస్టరయిన కాగితం వుండాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతోంది. పీటల మీద మాటకి కన్నీళ్ళు తెప్పించే శక్తి వుంది గాని పట్టాదారు పాసుపుస్తకం తెప్పించే శక్తి లేదు. ఆ పేరుతో ఇచ్చిన భూమి మీ తల్లికో అత్తకో వుంటే, కాగితం వుందో లేదో ఈ వారమే చూడండి.

వాటాలన్నీ లాక్కోండి అని నేను చెప్పడం లేదు. ఇవ్వాలనుకుంటే శుభ్రంగా ఇవ్వండి. తమ్ముడు అప్పుల్లో వున్నాడు, పొగాకు కొనేవాడు లేక, మిరప ధర పడిపోయి, మందు డబ్బా దాకా వెళ్ళొచ్చాడు. అలాంటి తమ్ముడికి నా నాలుగెకరాలూ నువ్వు చేసుకోరా అనడం నాకు గొప్పగానే వుంటుంది. నా ఆక్షేపణ ఒక్కటే. వున్నదని తెలియకుండా ఇచ్చేది దానం ఎలా అవుతుంది? ఇచ్చేది నాలుగెకరాలైతే నాలుగెకరాలని కాగితంలో వుండాలి, పుచ్చుకున్నవాడికి అది గుర్తుండాలి. ఊరికే ఇస్తే ఊరికే ఇచ్చానని రాయించండి, సొమ్ము ముట్టిందని రాయనివ్వకండి. ముందురోజే ముసాయిదా ఇంటికి తెప్పించుకుని చదవండి. తెల్లకాగితం మీద, ఖాళీ స్టాంపు కాగితం మీద మాత్రం దేవుడే వచ్చి అడిగినా వద్దు. సబ్ రిజిస్ట్రారు "మీ ఇష్టంతోనే రాశారా?" అని అడిగినప్పుడు తలూపే ముందు ఒక్క క్షణం ఆగండి. ఆ ప్రశ్న మనకోసమే పెట్టారు. నాన్న బతికుండగా ఆయన స్వార్జితంలో "నాకేమీ రానక్కర్లేదు" అని పెళ్ళినాడే రాయించుకునే కాగితాలుంటాయి. రాబోయే వారసత్వం మీద వుండే ఆశని బదిలీ చెయ్యడానికి వీల్లేదని చట్టం. డబ్బు పుచ్చుకుని రాసిస్తే మాత్రం తర్వాత ఆ మాట మనకే అడ్డు రావచ్చు. తన స్వార్జితాన్నీ, ఉమ్మడిలో తన వాటానీ నాన్న ఇష్టమొచ్చిన వాళ్ళకి వీలునామా రాసుకోవచ్చు, దానికి మనం ఏడవకూడదు. ఇక మోసంతో పెట్టించారనుకుంటే, ఆ సంగతి తెలిసిన మూడేళ్ళలోపల కోర్టుకి వెళ్ళాలి. ప్లీడరు ఫీజుకి భయపడనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, ఆదాయం ఎంతున్నా సరే, ఉచితంగా వకీలుని ఇస్తారు. కోర్టు ఆవరణలోనే న్యాయసేవా కమిటీ వుంటుంది. 15100 నెంబరుకి ఫోను చేసినా చెబుతారు.

అమ్మల సంగతి కూడా ఒక ముక్క. పిల్లలు సంతకాలు పెట్టేటప్పుడు పక్కన కూర్చుని వేలిముద్ర వేసే ముసలమ్మని ఎవరూ పట్టించుకోరు. ఆవిడకీ వాటా వుంటుంది. ఇచ్చేటట్టయితే "నన్ను చూడాలి, తిండీ మందూ పెట్టాలి" అన్న షరతు అదే దస్తావేజులో రాయించాలి. అలా రాసివుంటే, చూడనినాడు 2007 చట్టం కింద ఆ దస్తావేజుని రద్దు చేయించవచ్చు. అలాగే, "బతికినన్నాళ్ళూ అనుభవించు, అమ్మకూడదు" అని మనోవర్తి కింద విధవరాలికి ఇచ్చిన ఆస్తి ఆమెకి పూర్తి సొంతమేనని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తులసమ్మ మన తెలుగావిడే. మరిదితో ఏళ్ళ తరబడి పోరాడి గెలిచింది. ఆవిడ పేరు ఇవాళ దేశంలో ప్రతి వకీలు నోటా వుంది, మన ఆడవాళ్ళకే తెలియదు.

ఇప్పటిదాకా అన్నల్ని తిట్టాను. ఇక నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ రాత అంతా దొంగరాత అవుతుంది.

ప్రతి ఆడపిల్లా ఒక ఇంట్లో ఆడపడుచు, ఇంకో ఇంట్లో వదిన. పుట్టింటికి పోయి కళ్ళొత్తుకుంటూ సంతకం పెట్టి వచ్చిన మనమే, అత్తింట్లో గారెలకి పప్పు రుబ్బుతాం. పైన చెప్పిన ఫోను వదిన చేస్తుందన్నానే, ఆ వదిన నేనే. మా మామగారు 2008లో పోయారు. తాతలనాటి తొమ్మిదెకరాలు, పంపకం కాలేదు. మా ఆయన, ఒక్క చెల్లెలు, మా అత్తగారు. చెల్లెలి పెళ్ళి 1983లో అయింది. ఆవిడకి ఏం వుంటుందిలే అన్న ధీమా అందరిదీ. 2009లో నేనే ఫోను చేశాను. నేనే వండాను. మంగళగిరి నుంచి చీర నేనే తెప్పించాను. ఆఫీసులో ఆ పిల్ల కళ్ళజోడు మరిచిపోయి వచ్చి, "ఎక్కడ వదినా?" అని అడిగితే, "ఇక్కడమ్మా, ఇక్కడ, ఈ పేజీ అడుగున" అని వేలు పెట్టి చూపించింది కూడా నేనే. పన్నెండేళ్ళ కిందట నాకు చూపించిన వేలు నా చేతికి ఎప్పుడొచ్చిందో నాకు తెలియలేదు.

మొన్న ఈ వ్యాసం కోసం లెక్కలు వేస్తూ కూర్చుని, సరదాకి మా తొమ్మిదెకరాలకే వేశాను. 1956 నాటి లెక్క అయితే కొడుక్కి ఆరు, తల్లికి ఎకరంన్నర, కూతురికి ఎకరంన్నర. 2005 తర్వాతి లెక్క వేరు. తండ్రీ కొడుకూ కూతురూ తలా మూడు. తండ్రి మూడూ ఆయన తర్వాత ముగ్గురికీ తలొకటి. కొడుక్కి నాలుగు, కూతురికి నాలుగు, తల్లికి ఒకటి. ఈ కొత్త లెక్కలో తల్లి వాటా అరెకరం తగ్గిందని గమనించారా? కూతుళ్ళకి ఇచ్చేటప్పుడు తల్లుల్ని తలుచుకున్నవాళ్ళు లేరు. సరే, అది ఇంకో వ్యాసం. నా కళ్ళముందు వున్నది ఆ నాలుగు. మా ఆడపడుచు సంతకం పెట్టిన రోజున ఆవిడకి మా ఆయనతో సమానంగా నాలుగెకరాలున్నాయి. నాలుగెకరాల మాగాణికి ఒక మంగళగిరి చీర.

మా ఆయనకి ఆ కాగితం చూపించాను. చాలాసేపు చూసి, "అప్పుడు మనకి తెలియదు కదా" అన్నారు. అన్నయ్యకీ తెలియదు, ఆయనకీ తెలియదు. భూమి వచ్చేవాళ్ళెవరికీ ఎప్పుడూ ఏమీ తెలియదు. రిజిస్టరయిన దస్తావేజు నకలు రుసుము కట్టి ఎవరైనా తీసుకోవచ్చు. నేను వెళ్ళి తెచ్చాను. పదకొండు పేజీలు. సొమ్ము ముట్టిందన్న వాక్యం నాలుగో పేజీలో వుంది, దాని కింద ఆ పిల్ల సంతకం గుండ్రంగా, బళ్ళో పిల్లలు పెట్టినట్టుంది.

ఆడపడుచుకి ఫోను చేసి ఆదివారం రమ్మన్నాను. "ఏంది వదినా, మళ్ళీ సంతకమా?" అని నవ్వింది. కళ్ళజోడు మరిచిపోకుండా తెచ్చుకోమన్నాను. గారెలకి పప్పు నానబోస్తాను, అది మామూలే. ఈసారి ముందు కాగితం చదువుకుంటాం, భోజనాలు తర్వాత.